పాదములు ముందుగా కడుగుకొని రావలెను

అశోక్‌నగర్,
13 అక్టోబరు 2009

మనోరమత్తకు,

తప్పు జరిగింది. చేసినవారు జగన్నాథరావు గారు. నారాయణగూడలో మన ప్రార్థన మందిరానికి కార్యదర్శి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ముందు ఇది రాస్తే గానీ వందనాలు చెప్పబుద్ధి కాలేదు. వందనాలు.

మొన్న ఆదివారం పొద్దున, తుంగభద్ర వరదలో ఇల్లు మునిగిన కుటుంబం ఒకటి మందిరం మెట్ల దగ్గరకు వచ్చింది. పెద్దులు అనే ముసలాయన, ఆయన భార్య లక్ష్మవ్వ, ఇద్దరు కోడళ్లు, నలుగురు పిల్లలు. "పాలమూరు నర్సమ్మ పంపింది" అని నీ మాట చెప్పారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! వాళ్లను హాల్లోకి తీసుకెళ్లి ఫ్యాను కింద కూర్చోబెట్టాను. లక్ష్మవ్వ గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది. అంతే, జగన్నాథరావు గారు పరుగెత్తుకొచ్చారు.

"ఏంటయ్యా వినయ్ ఇది? నిన్ననేగా సున్నం వేయించాం. వచ్చే నెల పరిశుద్ధత కూటాలు పెట్టుకుని, హాలు ప్రతిష్ఠ చేసుకుని, గోడలకి ఇలా జనాన్ని ఆనించేస్తే ఎలా?"

"వాళ్లు మనుషులు సార్."

"నేను కాదన్నానా? మనుషులే. వీపులకి మట్టుంది, అదీ నేను చెప్పేది."

ఎనిమిది మందినీ వెనక వరండాలోకి, సైకిళ్ల పక్కకు మార్చారు. పెద్దులు ఏదో కవరు ఇవ్వబోతే రెండు వేళ్లతో అందుకుని తెల్ల చొక్కా జేబులో పెట్టుకున్నారు. "మందిరానికి వచ్చిన ఉత్తరం కమిటీ ప్రార్థన చేశాకే తెరవాలి. వచ్చే నెల ఏడున కమిటీ" అన్నారు. పెద్దులు ఏదో చెప్పబోయాడు. "రాసిచ్చారుగా, మళ్లీ నోటితో ఎందుకండీ" అన్నారు. ఈ ఆచారం ముప్పై ఏళ్ల నుంచి ఉందట. శుభలేఖలు కూడా పెళ్లయి పిల్లలు పుట్టాక తెరుస్తారు.

కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న కరపత్రాలు ఇప్పటికి ఇరవై రెండు చదివాను అత్తా. గ్రూప్ టూ గైడు మధ్యలో పెట్టుకుని సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని చదువుతున్నాను (అమ్మకు చెప్పకు). అన్నిటిలోనూ తేలింది ఒకటే: పరిశుద్ధత అంటే సున్నం కాదు. ఈ మాట జగన్నాథరావు గారికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఎవరో ఒకరు నేనే అని నిర్ణయించుకున్నాను.

నీ మేనల్లుడు, మండుతూ,
వినయ్


మహబూబ్‌నగర్,
19 అక్టోబరు 2009

చిరంజీవి వినయ్‌కు మేనత్త దీవెనలు.

ఫోను చేయకుండా ఉత్తరం రాసినందుకు సంతోషం. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో నాకు నీ కోపం వినబడుతుంది, మాట వినబడదు. కాగితం మీద రెండూ కనబడుతున్నాయి. కోపమే ఇంకొంచెం లావుగా ఉంది, అక్షరాలు అవతలి పక్కకు దిగాయి. నీకు పేరు పెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను నాయనా. "వినయ్" అని పెడుతూ మీ నాన్న చాలా ఆశపడ్డాడు.

జగన్నాథరావు గారి మీద ఎగరకు. ఆయన తీరు అంతే. నేను హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఇక్కడికి బదిలీ అయినప్పుడు నాకు వీడ్కోలు సభ పెట్టారు. ఆ సభకు రమ్మన్న ఉత్తరం నేనిక్కడ చేరిన ఎనిమిది నెలలకు వచ్చింది. అందులో టీ, బిస్కట్లు ఉంటాయని కూడా రాశారు.

ఇంతకూ పెద్దులు వచ్చిన పని అయిందా? ఆ కవరులో కార్యదర్శి గారికి అంతా వివరంగా రాసి పంపించాను, అవసరం చూసి ఏడో తారీఖు దాకా ఆగకుండా ఈపాటికి తెరిచే ఉంటారు. ఇక్కడ ఎండలు గట్టిగా కొడుతున్నాయి. ఇంకా ముదిరితే చాలా కష్టమవుతుంది, ఆ సంగతి జర ఆయనకు గుర్తు చెయ్యి. లక్ష్మవ్వకు మోకాళ్ల నొప్పులు. కింద కూర్చోనియ్యకు, ఏదైనా ముక్కాలి పీట చూడు.

గైడు మధ్యలో పెట్టే కాగితాలు తగ్గించి గైడు చదువు.

మనోరమ


అశోక్‌నగర్,
26 అక్టోబరు 2009

అత్తా!

నువ్వు రాసింది అక్షరాలా నిజం. వరండాలోకి పదింటికే ఎండ వచ్చేస్తోంది. నీ ఉత్తరం చదివిన గంటలో ముషీరాబాద్ వెళ్లి టార్పాలిన్ తెచ్చి కట్టేశాను. ఇక ఎండ ఎంత ముదిరినా భయం లేదు. పెద్దులు దానికేసి చూసి, "గిది మాకెందుకు బిడ్డా?" అన్నాడు. ఎంత నిరాడంబరత! లక్ష్మవ్వకు పీట కూడా దొరికింది. దాని మీద పిల్లలు ఎక్కి సైకిలు బెల్లులు కొడుతున్నారు.

మందిరంలో "వరద బాధితులకు వస్త్రదానం" జరిగింది. ఏం వచ్చాయో విను. ఎవరి పెళ్లిదో కోటు ఒకటి. టైలు ఆరు. జరీ జాకెట్లు తొమ్మిది, వాటి మీదకు చీర ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎడమ కాలి చెప్పులు రెండు. ఇచ్చినవాళ్లంతా వరసగా నిలబడి ఫోటో దిగారు. లక్ష్మవ్వ అవన్నీ దులిపి, మడిచి, సైకిలు క్యారియర్ మీద పెట్టింది. చిన్న మనవడు మాత్రం ఒక టై మొలకు కట్టుకుని తిరుగుతున్నాడు. ఆ మొత్తం దానంలో పనికొచ్చింది అదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతి. నోటీసు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"పరిశుద్ధత కూటముల మొదటి దినమున, అనగా నవంబరు 6వ తేదీ సాయంకాలము ఆరు గంటలకు, పాదములు కడుగు ఆరాధన. పన్నెండుగురు ఎంపిక చేయబడిరి. ఎంపికైన వారు పాదములు ముందుగా కడుగుకొని రావలెను."

చదివావా? ప్రభువు పన్నెండుగురు శిష్యుల పాదాలు కడిగినట్టు కడగబోయే పాదాలు కడుక్కుని రావాలి! పన్నెండుగురిలో ఎనిమిది మంది కమిటీవాళ్లే. ఒకాయన హిమాయత్‌నగర్ పార్లర్‌కు వెళ్లి గోళ్లు తీయించుకుని వచ్చాడు. ఇంకొకాయన, "నన్ను ఏడో కుర్చీలో వేశారు, పోయినేడు నాలుగులో ఉన్నాను" అని అలిగాడు. ఆ గోడకు ఇవతల పెద్దులు పాదాలు ఉన్నాయి అత్తా, నెర్రెలు విచ్చిన నేలలా. వాటికి నోటీసు బోర్డులో చోటు లేదు.

పెద్దులు రోజూ నన్ను ఒక్కటే అడుగుతాడు: "జవాబు ఎప్పుడొస్తది బిడ్డా?" ఎంత ప్రశ్న! ఇన్ని పుస్తకాలు చదివినవాళ్లలో ఒక్కడు అడిగాడా ఈ సమాజాన్ని ఇలా నిలదీసి? "వస్తుంది తాతా, రప్పిస్తాం!" అని పిడికిలి బిగించి చెబుతాను. ఆయన "మంచిది" అని మళ్లీ వరండా చివర కూర్చుని గేటు వైపు చూస్తుంటాడు. కరపత్రానికి ఆ ప్రశ్ననే శీర్షికగా పెట్టాను. చిక్కడపల్లి ప్రెస్‌లో ఐదు వందల ప్రతులు వేయించాను. ఒకటి ఇందులో పెడుతున్నాను, భద్రంగా ఉంచు.

ఆరో తారీఖు సాయంత్రం, ఆ పన్నెండుగురు కూర్చోకముందే మన ఎనిమిది మందినీ కుర్చీల్లో కూర్చోబెడతాను. కడిగిస్తాను, జగన్నాథరావు గారి చేత! పెద్దులు వాళ్లకు ఇంకా చెప్పలేదు. అప్పటికప్పుడు తెలిస్తే ఎంత సంతోషిస్తారో!

విజయం మనదే,
వినయ్


మహబూబ్‌నగర్,
3 నవంబరు 2009

వినయ్,

దీవెనలు ఉత్తరం చివర ఇస్తాను, ఇయ్యబుద్ధి అయితే. నాలుగు రోజులు జ్వరంతో పడుకుని, ఈరోజే లేచి నీ కాగితం చూశాను. "ఇల్లు లేని, తిండి లేని, అక్షరం లేని అనాథల మురికి పాదాలు" అని అచ్చేయించావు. అనాథ ఎవరురా?

పెద్దులు ఆ ఊళ్లో ఇరవై ఏళ్ల నుంచి సంఘపెద్ద. మీ జగన్నాథరావు గారు ఎంతో ఆయనా అంతే, ఇస్త్రీ ఒక్కటే తక్కువ. అక్షరం లేదని రాశావు. ఆదివారం వాక్యం చదివి వినిపించేది ఆయనే. కలరా వచ్చిన ఏడాది నేను సూది మందు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే, నా వెనక కాచిన నీళ్ల బిందె మోసింది ఆయన. నాకు అన్నం పెట్టిన ఇల్లు అది.

టార్పాలిన్ ఎందుకు కట్టావు? చోటు ఎవరు అడిగారు? నేను కార్యదర్శి గారికి రాసింది ఇదీ: ఇళ్లల్లో నడుము లోతు బురద పేరుకుపోయింది. తాగే బావి పూడిపోయింది. ఊళ్లో సగం మంది ఎటో పోయారు. పెద్దులు కొడుకులిద్దరు, ఇంకో నలుగురు తప్ప తవ్వేవాళ్లు లేరు. ఎండ ముదిరితే బురద రాయవుతుంది, గునపం కూడా దిగదు. ఈ నెల దాటితే యాసంగి పంట లేదు, ఊరు లేదు. ఇరవై మంది పారలు పట్టుకుని మూడు రోజులు రండి అని రాశాను. జవాబు తీసుకుని రమ్మని పెద్దులును పంపాను. పిల్లలను ఉంచడానికి అక్కడ ఇల్లు లేదు కనుక వెంట తెచ్చుకున్నాడు.

ఆయన ఎదురుచూసేది ఆ జవాబు కోసం. నువ్వు సమాజం, ప్రశ్న అనుకుంటున్నావు. ఆయన ఉత్తరం, జవాబు అంటున్నాడు.

అంటే నా ఉత్తరం ఇంకా ఎవరూ చదవలేదా? ఇది అందిన నిమిషంలో తీసుకుపోయి ఆయన ముందు గట్టిగా చదువు. నీకు గట్టిగా చదవడం వచ్చు కదా.

మనోరమ


అశోక్‌నగర్,
7 నవంబరు 2009, పొద్దున

అత్తా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. తప్పు జరిగింది. చేసినవారు మళ్లీ జగన్నాథరావు గారే. పెద్దులు కుటుంబాన్ని మాయం చేశారు.

నిన్న సాయంత్రం ఐదున్నరకు వరండాకు వెళ్లాను. ఎవరూ లేరు. నేల ఊడ్చి ఉంది. టార్పాలిన్ నాలుగు మడతలు పెట్టి ఉంది, దాని మీద ముక్కాలి పీట. పీట మీద ఆ చిన్నవాడి టై, చుట్ట చుట్టి. నారాయణగూడ చౌరస్తా దాకా పరుగెత్తాను. బస్‌స్టాపులన్నీ చూశాను. వర్షం లేకపోయినా మన రోడ్లలో ఎప్పుడూ ఉండే ఆ మురుగులో రెండుసార్లు కాలు వేశాను. ఆరుంబావుకు తిరిగొచ్చి, సరాసరి వేదిక ఎక్కి అరిచాను: "ఎక్కడ దాచారు వాళ్లని?"

"నేనేం అనలేదయ్యా, నిజం! పొద్దున్నే వెళ్లిపోయారు. వెళ్తూ నాకు వందనం కూడా చెప్పారు" అన్నారు జగన్నాథరావు గారు. నేను నమ్మలేదు. పన్నెండుగురిలో ఒకాయన స్వైన్ ఫ్లూ భయంతో రాలేదు, కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. ఆరాధన మధ్యలో ఆగిపోకూడదని పాస్టరు గారు నన్ను భుజం పట్టి అందులో కూర్చోబెట్టారు. ఏడో కుర్చీ.

పదకొండు జతల పాదాలు కడిగాక కూడా పళ్లెంలో నీళ్లు తాగొచ్చు, అంత తేటగా ఉన్నాయి. నా కాళ్లు చూసి నా వంతు చివరికి జరిపారు, పన్నెండోది నాది. జగన్నాథరావు గారు వంగారు. నీళ్లు నల్లబడ్డాయి. వెనక నుంచి ఎవరో "నోటీసు చదవలేదా?" అన్నారు. మూడుసార్లు నీళ్లు మార్చారు. ఆయన తెల్ల చొక్కా కఫ్‌ల మీద బురద పడింది. నేను గెలిచాననుకున్నాను. కానీ ఆయన వంగినప్పుడు నడినెత్తి కనిపించింది, నాలుగు వెంట్రుకలు, చెమట. లేవబోతే మోకాలు పట్టేసి నా కుర్చీ కోడు పట్టుకున్నారు. ఎందుకో గెలుపు నోటికి చేదుగా ఉంది.

ఈరోజు ఐదింటికి కమిటీ. వెళ్లి నిలదీస్తాను.

వినయ్


మహబూబ్‌నగర్,
8 నవంబరు 2009
(కార్డు)

వినయ్,

పెద్దులు వాళ్లు శుక్రవారం నా దగ్గరకు వచ్చారు. నిన్న ఊరికి పోయారు. జగన్నాథరావు గారి భార్య బాలత్రిపురసుందరి రోజూ వాళ్లకు టిఫిను తెచ్చేదట, నువ్వు రాయలేదు. శుక్రవారం ఇడ్లీలు కట్టి తెచ్చిన కాగితం నీ కరపత్రం. పెద్దులు దాన్ని సాపు చేసి, లక్ష్మవ్వకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. ఆమె, "మన కాళ్లు మురికియని అచ్చు గొట్టిచ్చిండు. లే, పోదాం పా" అన్నదట.

నిన్ను ఒక్క మాట అనలేదు. "పిల్లగాడు మంచోడే నర్సమ్మా. గాయన నోరు మూస్తె గదా, నేను తెరిచేది" అన్నాడు. నువ్వు తిట్టించుకున్నా నాకు ఇంత బాధ ఉండకపోయేది.

నా మూడో తారీఖు ఉత్తరం అందిందా? క్షమాపణలు కాగితం మీద నాకు పంపకు. పని సంగతి రాయి.

మనోరమ


అశోక్‌నగర్,
10 నవంబరు 2009

అత్తా, వందనాలు.

నీ కార్డు ఈ పొద్దున వచ్చింది. నీ మూడో తారీఖు ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందింది. నిలబడి చదివాను, తర్వాత మెట్ల మీద కూర్చుని మళ్లీ చదివాను. ఐదింటికి కమిటీ గదికి వెళ్లాను. ప్రార్థనలో ఉన్నారు. జన్మలో మొదటిసారి ఆమేన్ అనేదాకా ఆగాను.

జగన్నాథరావు గారు బల్ల మీద ఒక ముద్ద పెట్టారు. కోడిగుడ్డంత ఉంది, మల్లెపువ్వంత తెల్లగా ఉంది.

"ఏంటండీ ఇది?" అన్నారు ఒకాయన.

"ఉత్తరం."

ఆదివారం చొక్కా సోమవారం ఉతుకులో పడిందట. నీలిమందు, గంజి, ఇస్త్రీ, అన్నీ అయ్యాయి. "నేను అప్పుడే చెప్పానుగా, జేబులో ఏదో గట్టిగా తగులుతోందని" అన్నారు బాలత్రిపురసుందరి గారు టీలు పెడుతూ. బాప్తిస్మమప్పుడు ఇంత పేరు ఎందుకమ్మా, మార్చుకో అంటే, "మునిగేది నేను, పేరు కాదు" అన్న మనిషి ఆవిడ. జగన్నాథరావు గారికి ఈ సంగతి నెల రోజుల నుంచి తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు? "కమిటీ ముందు పెట్టకుండా ఎలా చెప్పనండీ?"

నియమం నియమమే కదా, ముద్దను తెరిచారు. గోళ్లతో, తర్వాత స్పూనుతో. ఒక్క మాట మాత్రం మిగిలింది: "వందనములు". ప్రతివందనములు పంపాలని ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు.

అప్పుడు నీ ఉత్తరం చదివాను. నన్ను తిట్టిన పేరా దాటేద్దామని కన్ను కిందికి పోయింది. దాటలేదు, అదీ చదివాను.

బాలత్రిపురసుందరి గారు ట్రే కింద పెట్టారు. "నాకు పార పట్టడం వచ్చండీ" అన్నారు. "డెబ్బై ఏడు ఉప్పెనకి మా ఇల్లు ఇలాగే నిండిపోయింది. ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్లు వచ్చి నాలుగు రోజులు బురద తీశారు. వాళ్ల బట్టలు ఏ రంగో నాకు గుర్తు లేదు. అప్పటికే మట్టి రంగు."

జగన్నాథరావు గారు ఆ ముద్ద ముక్కలన్నీ దగ్గరకు చేర్చి పెట్టారు. "నా దగ్గర అన్నీ తెల్లవేనే, ఏం వేసుకోను?" అన్నారు చివరికి.

"అవే వేసుకోండి. ఈసారి జేబులు నేను చూస్తాను" అన్నారు ఆవిడ.

నిన్నటికి పంతొమ్మిది పేర్లు వచ్చాయి. ఏడో కుర్చీ అలిగినాయన మొదటి పేరు తనదే ఉండాలన్నాడు, సరే అన్నాం. నువ్వు ఇరవై మందిని అడిగావు. ఇరవయ్యో గడి ఖాళీగా ఉంచాను. అందులో నా పేరు రాసుకోవచ్చో లేదో చెప్పాల్సింది పెద్దులు. స్టేషను దాకా పారలు మోసుకుని ఎలాగూ వస్తాను. నువ్వూ వస్తావుగా, ముందే ఆయన్ను అడిగి, మహబూబ్‌నగర్‌లో రైలెక్కగానే ఆయన మాట నాకు చెప్పు. వద్దన్నాడంటే అక్కడే దిగి తిరిగొస్తాను, అరవను. రమ్మన్నాడంటే మూడు రోజులు నోరు మూసుకుని తవ్వుతాను. ఆయన అడిగితే తప్ప మాట్లాడను.

కొత్త కరపత్రం వేయించాను. బాలత్రిపురసుందరి గారు రెండుసార్లు దిద్దారు. పదహారు పంక్తులు రాస్తే ఇంత మిగిల్చారు:

తప్పు జరిగింది. చేసినవాళ్లందరి పేర్లూ వేయడానికి కాగితం చాలలేదు. అందుకని ఒక్క పేరు: వినయ్, అశోక్‌నగర్.

తుంగభద్ర ఒడ్డున సంఘపెద్ద పెద్దులు గారి ఊళ్లో బావి పూడిపోయింది, ఇళ్లు బురదతో నిండి ఉన్నాయి. ఆయన మనల్ని ఒకటి అడిగారు. ఇది మన జవాబు, నెల ఆలస్యంగా.

నవంబరు 14, రెండో శనివారం, ఉదయం ఐదున్నర గంటలకు కాచిగూడ స్టేషన్‌లో టికెట్ల కౌంటర్ దగ్గరకు రండి. సోమవారం సెలవు పెట్టుకోండి. పార ఉన్నవాళ్లు పార, లేనివాళ్లు గంప తెచ్చుకోండి. పాదములు ముందుగా కడుగుకొని రానవసరము లేదు.